బండి ఒక పక్కకు ఎందుకు వాలుతుంది?

దంతాలపల్లి: వరంగల్ - ఖమ్మం రహదారిపై ఇక్కడ కాసేపు నిలబడితే వచ్చే పోయే బండ్లలో కొన్ని ఒక పక్కకు ఒరిగి పోవడం ఎవరికైనా కనిపిస్తుంది. ముందు నుంచి చూస్తే ఒక లైటు పైకి, ఒక లైటు కిందికి. "లోడు ఎక్కువైంది లే" అని యజమాని సరిపెట్టుకుంటాడు. లోడు దించిన తరువాత కూడా బండి అట్లాగే ఒరిగి ఉంటే మాత్రం కింద ఏదో లోపం ఉన్నట్లే.

మొదట ఒక అపోహ తొలగించాలి. బండి వాలగానే చాలామంది షాక్ అబ్సార్బర్లు మార్పిస్తారు. డబ్బు పోతుంది, వాలు పోదు. బండి బరువు మోసేది కమాన్ కట్ట గాని, స్ప్రింగు గాని. షాక్ అబ్సార్బరు పని ఊపును అణచడమే. అది చెడిపోతే బండి గుంతలో పడి లేచి ఊగుతూనే ఉంటుంది, నిలిచిన చోట ఒరిగిపోదు.

కమాన్ కట్ట అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. ఏళ్ల తరబడి బరువు మోసి పట్టీల వంపు సడలుతుంది. ఒక పట్టీ విరిగితే దాని భారం మిగతా వాటిపై పడుతుంది. నడుమ ఉండే సెంటర్ బోల్టు తెగితే ఇంకా ప్రమాదం. ఇరుసు తన చోటు నుంచి జరిగి, బండి ముక్కు ఒకవైపు, నడక ఒకవైపు అవుతుంది.

ఇప్పటి కార్లలో చాలావాటికి పట్టీలు లేవు, చుట్ట స్ప్రింగులే. బురద నీరు నిలిచే కింది చుట్ట తుప్పు పట్టి విరుగుతుంది. ముక్క లోపలే ఉండిపోవడం వల్ల పైకి ఏమీ తెలియదు. కారు రెండు వేళ్లు దిగినట్లు ఉంటుంది, అంతే. ఆ విరిగిన కొన టైరును కోసిందంటే, నడిచే వేగంలో ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. 2014 దాకా తయారైన అంబాసిడర్ సంగతి వేరు. పాత మోడళ్లకు ముందు స్ప్రింగుకు బదులు మెలిపడే పొడుగు కడ్డీ ఉండేది. అది సడలితే తిరిగి సర్ది ఎత్తు సరిచేసేవారు. ఆ సౌకర్యం ఈనాటి చిన్న కార్లకు లేదు.

రెండు పక్కలా ఒకే ఉక్కు ఉండగా ఒక పక్కే ఎందుకు దిగాలి? సగం జవాబు రోడ్డులోనే ఉంది. తారు రోడ్డు నడుమ ఎత్తు, అంచులు వాలు. మన బండ్లు ఎడమ పక్క నడుస్తాయి కనుక భారం కొంత ఎడమకే ఒరుగుతుంది. ఎదురుగా లారీ వస్తే తారు దిగి మట్టిలో పడేవీ ఎడమ చక్రాలే. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన కుంభవృష్టికి మహబూబాబాద్ జిల్లాలో రోడ్లు కోసుకుపోయిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఇక కుడి పక్కకు దిగే కార్లలో డ్రైవరు ఒక్కడే ఏళ్లకేళ్లు తిరిగిన బండ్లూ ఉంటాయి.

మిగతా సగం జవాబు మన చేతిలోది. మిర్చి బస్తాలు ఖమ్మానికో, వరంగల్ ఏనుమాములకో పోయేటప్పుడు చిన్న ట్రాలీలో దించడానికి వీలని ఒక పక్కే ఎత్తుగా పేర్చడం మామూలు. ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో మిర్చి ఏరే కూలీలను కుక్కి, అంచున మరొకరిని వేలాడదీయడం కూడా మామూలే. అప్పటికే ఒక స్ప్రింగు చచ్చుబడిన ఆటో మలుపులో ఏ పక్కకు పడుతుందో ఎక్కిన వారికి తెలియదు. నడిపే వానికి తెలుసు, వాయిదా కట్టాలన్న చింతలో పట్టించుకోడు.

లోపం పట్టడం కష్టమేమీ కాదు. సమతలంలో ఖాళీ బండి నిలపాలి. నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి, గాలి తగ్గినా బండి వాలుతుంది. తరువాత చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు రెండు పక్కలా టేపుతో కొలవాలి.

ఇక్కడొక తిరకాసు ఉన్నది. వెనుక ఎడమ కమాను సడలితే ముందు ఎడమ కూడా దిగినట్లే కనిపిస్తుంది, బాడీ అంతా ఒకే చట్రం కదా. అందుకు జీపు వంటి బండ్లకు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనుక ఇరుసు నడిమధ్య జాకీ ఎత్తి చూస్తారు. ముందు భాగం సమానమైతే లోపం వెనుకది. వాలు పోకుంటే ముందుది. జాకీ మీద ఉన్నంతసేపు ఎవరూ కిందికి దూరరాదు.

మరమ్మతులో పొదుపుకు పోయి ఒక పక్క స్ప్రింగే మార్పించేవారు ఎక్కువ. కొత్తది ఎత్తుగా, పాతది దిగి ఉండి బండి ఈసారి రెండో పక్కకు వాలుతుంది. జత మార్చడమే పద్ధతి. పాత పట్టీలకు సుత్తెతో వంపు ఎక్కించడం చౌకే గాని, ఉక్కుకు సరిగా పదును పెట్టకుంటే ఆ వంపు ఎక్కువ కాలం నిలవదు. అంతకంటే ముందు బుష్షులు, యూ బోల్టులు చూపించుకోవడం మంచిది. ఒక్కోసారి వాలుకు కారణం ఆ అరిగిన రబ్బరు ముక్కే అవుతుంది.