కంప్యూటర్ పరీక్ష: ముందు ఏది రావాలి?

పదో తరగతి పాసవ్వాలంటే కంప్యూటర్ కూడా వచ్చి తీరాలా? ఈ మాటకు మన వాడల్లో రెండు జవాబులున్నాయి. "ఉండాలి, లేకపోతే మన పిల్లలు వెనకబడతారు" అని ఒకటి. "మనల్ని ఆపడానికి ఇంకో జల్లెడ" అని రెండోది. రెండూ నిజమే. అందుకే మేము ప్రశ్నను ఇట్లా అడుగుతున్నాం: పరీక్షకంటే ముందు రావాల్సినవి వచ్చాయా?

కేరళ సంగతి చూద్దాం. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలైంది. బళ్లలో ల్యాబులు పెట్టారు. లెక్కలు, సైన్సు, భాష చెప్పే టీచర్లకే శిక్షణ ఇచ్చారు. పాఠ్యపుస్తకాలు మలయాళంలో వేశారు. కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను వదిలి లైనక్స్‌కు మళ్లారు. 2005లో ఐటీ పదో తరగతి పబ్లిక్ పరీక్షలో చేరింది. ప్రాక్టికల్ కూడా బడి కంప్యూటర్ మీదే.

మన దగ్గర? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ప్రభుత్వ హైస్కూళ్ల కంప్యూటర్ చదువును ఐదేళ్ల కాంట్రాక్టు మీద ప్రైవేటు కంపెనీలకు అప్పజెప్పారు. 2013లో గడువు తీరింది. నేర్పేవాళ్లు రోడ్డున పడ్డారు. పబ్లిక్ పరీక్షలో లేని సబ్జెక్టు గనక అడిగే నాథుడు లేడు.

అయితే పరీక్ష తప్పిందా? లేదు, ఉద్యోగం గుమ్మం దగ్గర కాపు కాసింది. ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ అసిస్టెంట్ కావాలంటే కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష నెగ్గాలి. ఎస్సీ, ఎస్టీలకు 30 శాతం మార్కులు చాలన్నారు. బడిలో ఒక్కరోజూ ముట్టని మిషన్ మీద ఆ 30 అయినా ఎట్లా వస్తాయి? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే. బడి నేర్పకపోతే ఇల్లు నేర్పలేదు. ఇక మిగిలింది కోచింగ్ సెంటర్. కూలి డబ్బులతో దాని ఫీజు కట్టేదెవరు? ఆ తర్వాత "మెరిట్ లేదు" అనే మాట మాత్రం మన మీద పడుతుంది.

కేరళను ఆకాశానికెత్తడం లేదు. 2020 జూన్ 1న ఆన్‌లైన్ క్లాసులు మొదలైన రోజే మలప్పురం జిల్లాలో హైస్కూలు చదివే దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయింది, స్మార్ట్‌ఫోన్ లేదు, క్లాసులు అందవన్న దిగులు పడిందని తండ్రి చెప్పాడు. ల్యాబు బడిలో ఉంది. బడి మూతపడితే ఆ పిల్లకు ఏమీ మిగల్లేదు.

కనక పరీక్ష వద్దనడం మన డిమాండ్ కాకూడదు. ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లో పనిచేసే కంప్యూటర్, పర్మినెంట్ టీచర్, తెలుగులో పుస్తకం ముందు రావాలి. ఆ తర్వాతే పరీక్ష. అవి ఇవ్వకుండా పరీక్ష పెడితే ఫెయిలయ్యేది పిల్లలు కాదు, ప్రభుత్వం.