సముద్రం కంటే ముందు అడగవలసినవారు

గత షాబాన్ నెలలో ఒక సాయంత్రం, అస్ర్ నమాజు ముగిశాక, ఒక పాత మిత్రులు మమ్మల్ని వెతుక్కుంటూ మద్రసాకు వచ్చారు. ఆయన పుట్టింది మా త్రిపురాంతకంలోనే. ముప్పై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్నారు. ఉద్యోగ విరమణ జరిగి ఏడాది దాటింది. పిల్లలిద్దరికీ నికాహ్ అయిపోయింది.

"మౌలానా, టోలిచౌకిలో ఫ్లాటు అమ్మేద్దామనుకుంటున్నాను. చీరాల దగ్గర వాడరేవులో సముద్రం పక్కనే ఒక స్థలం చూశాను. మిగిలిన నాలుగు రోజులు అల్లాహ్‌ను తలచుకుంటూ అక్కడ ప్రశాంతంగా ఉంటాము. దుఆ చేయండి" అన్నారు.

ఆయన కోరిక మాకు వింతగా తోచలేదు. త్రిపురాంతకం పేరు చెప్పగానే బయటివారికి కొండ మీది ఆలయం, శ్రీశైలానికి తూర్పు ద్వారమన్న ప్రసిద్ధి గుర్తుకు వస్తాయి. ఇక్కడ పెరిగినవారికి మాత్రం మొదట గుర్తుకు వచ్చేది వేసవిలో ట్యాంకరు ముందు బిందెల వరుస. పశ్చిమ ప్రకాశంలో బోరు ఎంత లోతుకు వేసినా నీరు పడుతుందన్న నమ్మకం లేదు, పడిన నీటిలో ఫ్లోరైడు బాధ. వెలిగొండ నీళ్ల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నేల ఇది. మార్కాపురం పలకల గనులు, గిద్దలూరు రైలు, వలస బస్సులు, వీటి మధ్య బాల్యం గడిచినవారికి కనుచూపు మేర నీరే కనిపించే చోటు స్వర్గంలా తోచడంలో ఆశ్చర్యమేముంది?

ఊరికి దూరంగా ఉండాలనుకోవడం షరీఅత్‌లో తప్పేమీ కాదు. హజ్రత్ సలమా బిన్ అక్వా (రజి) ఎడారి పల్లెలో నివసించేందుకు దైవప్రవక్త (స) నుండి అనుమతి పొందారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) షహీదైన తరువాత ఆయన మదీనా విడిచి రబజాకు వెళ్లి అక్కడే సంసారం చేశారనీ, మరణానికి కొన్ని రాత్రుల ముందు మాత్రమే మదీనాకు తిరిగి వచ్చారనీ బుఖారీలో ఉంది. దీనికి ఎదురుగా బనూ సలమా వారి ఉదంతమూ ఉంది. ఊరి అంచున ఉన్న తమ ఇళ్లు వదిలి మస్జిదు దగ్గరకు మారాలని వారు తలచినప్పుడు, మస్జిదుకు వేసే ప్రతి అడుగూ వ్రాయబడుతుందని చెప్పి దైవప్రవక్త (స) వారిని ఉన్నచోటే ఉండమన్నారు. ఒకరికి వెళ్లేందుకు అనుమతి, మరొకరికి ఉండమన్న సలహా. మా మిత్రులు ఈ ఇద్దరిలో ఎవరి వంటివారో కూర్చున్నచోట తేల్చడం మాకు సాధ్యం కాలేదు. స్థలం చూసి మాట్లాడదామన్నాము.

ఆయన కారులో వినుకొండ, నరసరావుపేట, చిలకలూరిపేట మీదుగా చీరాల చేరాము. ఆయన భార్య, మా ఇంటివారు వెనుక సీటులో కూర్చున్నారు. దారిలో చీరాల గురించి ఒక మాట చెప్పాము. 1921లో పురపాలక పన్నుల భారాన్ని ఎదిరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో చీరాల, పేరాల ప్రజలు వేలాదిగా తమ ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. వారు ఇళ్లను వదిలారు గానీ ఇరుగుపొరుగును వదలలేదు, అందరూ కలిసే కదిలారు. ఈ మాటకు మా మిత్రులు నవ్వి, "నేను పొరుగువాళ్ల గోల తప్పించుకోవడానికే పోతున్నాను మౌలానా" అన్నారు.

వాడరేవు అందమైన చోటే. సరుగుడు తోటలు, ఇసుక మీదికి లాగిన పడవలు, ఆరబెట్టిన వలలు. ఆ మధ్యలో కొత్తగా లేచిన రిసార్టులు. సముద్రపు నీరు పరిశుద్ధమైనదని దైవప్రవక్త (స) ఒక పడవ ప్రయాణికునికి చెప్పిన హదీసు పిల్లలకు ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాము. ఆ నీటితో వుజూ చేసుకుని జుహర్ నమాజు చేసినప్పుడు కలిగిన ఆనందాన్ని దాచుకోము.

స్థలం చూపించిన మధ్యవర్తి దూరంగా ఉన్న అలలను చూపుతూ ధర చెప్పాడు. మేము కాగితాల గురించి అడిగాము. పాఠకులలో ఎవరైనా తీరాన స్థలం కొనదలిస్తే ఈ సంగతులు తెలిసి ఉండాలి. పోటు రేఖ నుండి 500 మీటర్ల వరకు ఉన్న భూమి తీర ప్రాంత నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది. 1991లో మొదలైన ఈ నిబంధనలను 2011లోనూ 2019లోనూ కొత్తగా ప్రకటించారు. 2019 ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి 50 లేదా 200 మీటర్ల మేర కొత్త ఇళ్లు కట్టకూడదు. రెండవది, ఆ భూమి ఒకప్పుడు పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి కావచ్చు. 1977 నాటి చట్టం అలాంటి భూమి అమ్మకాన్ని నిషేధించింది. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన వాటికి వెసులుబాటు వచ్చినా, పేదవాని అవసరాన్ని చూసి చవకగా కొన్న భూమిలో జానమాజు పరిచేవారు తమ మనసును ఒకసారి అడిగి చూడాలి. మధ్యవర్తి దగ్గర మా ప్రశ్నలకు సరైన కాగితం లేదు. "అందరూ కొంటున్నారు సార్" అన్న మాట మాత్రం ఉంది.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒక ముసలి మత్స్యకారుడు ఇదంతా విన్నాడు. "తుఫాను హెచ్చరిక వస్తే మేమే ఊళ్లోకి పోతాం సాయిబుగారూ. మీరిద్దరే ఉంటే మిమ్మల్ని ఎవరు లేపుతారు?" అని అడిగాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది ఈ బాపట్ల దగ్గరే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న సంగతి మా వయసువారికి చెప్పనక్కరలేదు.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నరసరావుపేట దాటాక వెనుక సీటు నుండి మా మిత్రుని భార్య మెల్లగా అన్నారు: "మౌలానా, ఒక మసలా అడగవచ్చా? ఆ ఫ్లాటులో నా బంగారం ఉంది."

అసలు విషయం అప్పుడు బయటపడింది. 2004లో ఫ్లాటు కొన్నప్పుడు డబ్బు చాలక ఆమె మహర్ నగలు, తల్లిగారు పెట్టిన నగలు కలిపి పదిహేను తులాలు అమ్మారు. ఫ్లాటు భర్త పేరున ఉంది. స్టీరింగు వదలకుండానే మా మిత్రులు, "తనే ఇచ్చింది కదా" అన్నారు.

"ఇచ్చాను. ఇమ్మని అడిగారు. ఎలా ఇస్తున్నావని అడగలేదు" అన్నారామె.

స్త్రీలకు వారి మహర్ సంతోషంగా ఇవ్వాలని, వారు తమ ఇష్టంతో కొంత వదులుకుంటేనే పురుషుడు దానిని అనుభవించవచ్చని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా ఆరంభంలోనే ఉంది. ఇష్టపూర్వకంగా ఇస్తే అది కానుక, తిరిగి అడగడం ఉండదు. అప్పుగా ఇస్తే బంగారం బంగారంగానే, అదే తూకంలో తిరిగి రావాలి. ఎలా ఇచ్చారో చెప్పవలసింది ఆమే. ఇరవై ఏళ్లు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. 2004లో పది గ్రాములు ఆరువేల రూపాయల దగ్గర ఉండేవి, ఇప్పుడు లక్ష దాటాయి. అప్పే అయితే, ఆ పదిహేను తులాల విలువ వాడరేవు స్థలం ధరకు ఇంచుమించు సమానం. మా మిత్రులు కారు పక్కకు ఆపి, దిగి, కాసేపు రోడ్డు మీద నిలబడ్డారు.

ఇలాంటి ఇళ్లు మన సమాజంలో ఎన్నో ఉన్నాయని మాకు తెలుసు. వరకట్నం హరామని వేదికల మీద ఉపన్యసించే మేము, ఇంట్లో కరిగిపోయిన మహర్ గురించి ఎన్ని జుమా ప్రసంగాలు చేశామో లెక్క చూసుకుంటే సిగ్గు కలుగుతుంది.

మరునాడు ఆయనే మళ్లీ వచ్చారు. ఆమె అది అప్పేనని చెప్పారట. "అయితే అప్పే మౌలానా" అన్నారు, అంతకు మించి వాదించలేదు. సముద్రపు ఒడ్డు ఆలోచన అక్కడితో ఆగింది. ఫ్లాటు అమ్మాలన్న ఆలోచన మాత్రం ఆగలేదు, రెండో అంతస్తు మెట్లు ఇద్దరి మోకాళ్లకూ భారమయ్యాయి.

అమ్మకం విషయంలో ఆయనకు హజ్రత్ అబూ రాఫె (రజి) ఉదంతం చెప్పాము. హజ్రత్ సఅద్ (రజి) ఇంటి ఆవరణలో ఆయనకు రెండు గదులు ఉండేవి. బయటివారు వాటికి 500 దీనార్లు ఇవ్వజూపారు. సఅద్ (రజి) 4000 దిర్హములకు మించి ఇవ్వనని, అదీ వాయిదాలలోనేనని అన్నారు. పొరుగువానికే ఎక్కువ హక్కు ఉందని దైవప్రవక్త (స) నోట విని ఉండకపోతే ఇవ్వను గాక ఇవ్వనని చెప్పి, ఆ తక్కువ ధరకే అబూ రాఫె (రజి) ఇచ్చేశారు. హనఫీ ధర్మశాస్త్రంలో పొరుగువాని ఈ హక్కును షుఫ్ఆ అంటారు. ఫ్లాట్లలో నేల అందరిదీ కలిసే ఉంటుంది, మెట్లు, బోరు ఉమ్మడివే. ఎదురింటివాడు పొరుగువాడే కాక భాగస్వామి కూడా. కోర్టు బలవంతం చేయకపోయినా, ముందు అతన్ని అడగడం మన ధర్మం.

ఏ పొరుగువారి గోల తప్పించుకోవాలనుకున్నారో ఆ ఎదురింటి తలుపే ఆయన తట్టవలసి వచ్చింది. వారు తమ కుమార్తె కోసం ఫ్లాటు తీసుకుంటామన్నారు. దళారి చెప్పిన ధర కంటే కొంత తక్కువ, అందులో కొంత ఆరు నెలల తరువాత. పై అంతస్తు స్నానాల గది నుండి నీరు కారే గోడను మా మిత్రులే చూపించారు. ఇరుపక్షాలు నిజం చెప్పి లోపాలు తెలియజేసుకుంటేనే బేరంలో బర్కత్ అని హకీం బిన్ హిజామ్ (రజి) హదీసు. పత్రంలో ఒక ధర, చేతిలో మరో ధర అనే మాటకు ఇద్దరూ ఒప్పుకోలేదు.

ఇల్లు అమ్మిన సొమ్మును మళ్లీ ఇంటిలోనే పెట్టకపోతే అందులో బర్కత్ ఉండదన్న హదీసు ఇబ్నె మాజాలో ఉంది. పరంపరపై విద్వాంసుల చర్చ ఉన్నా, అనుభవజ్ఞులు ఆ మాటను గౌరవించారు. మన ఆదాయపు పన్ను చట్టం కూడా అమ్మకపు లాభాన్ని రెండేళ్లలో మరో ఇల్లు కొనడానికో, మూడేళ్లలో కట్టుకోవడానికో వాడితే మినహాయింపు ఇస్తుంది. ఈ రెంటి కలయిక మాకు ముచ్చటగా అనిపిస్తుంది. అంతవరకు చేతిలో నిలిచిన డబ్బుపై చాంద్రమాన సంవత్సరం గడిస్తే జకాత్ ఉందని మరువరాదు.

ఇప్పుడు వారు చీరాల పట్టణంలో, మస్జిదుకు నడిచి వెళ్లగల దూరంలో ఒక చిన్న పాత ఇల్లు చూశారు. ఖబ్రస్తాన్ ఎక్కడుందో కూడా ఆయన కనుక్కున్నారు. బోరు నీరు ఉప్పగా ఉందో లేదో ఆమె స్వయంగా తాగి చూశారు. వారి చేతిలోని సొమ్ముకు మరి కొంత కలిస్తే గానీ ఆ ఇల్లు రాదు. మొన్న మా మిత్రులు ఫోను చేసి, బంగారం సొమ్ము అందులో కలపమని ఆమెకు మేము ఒక మాట చెప్పాలని కోరారు. ఆ మాట మేము చెప్పలేమని, అడగదలిస్తే ఈసారి ఎలా ఇస్తుందో కూడా ఆయనే అడగాలని, రెండు పేర్లతో పత్రం వ్రాయించే సంగతి ముందే చెప్పాలని అన్నాము. అడిగారట. ఆలోచించి చెబుతానన్నారట ఆమె.