ఇంటి వాటా, హిబా, వసీయత్



ఇంటి యజమాని మరణించి నలభై దినాలు గడిచేసరికి మన మొహల్లాలలో తరచుగా ఒక మాట వినవస్తుంది: “ఆడపడుచులు తమ హక్కు మాఫ్ చేశారు.” ఎవరు అడిగారు? ఎంత వాటాయో చెప్పి అడిగారా? ఈ ప్రశ్నలు ఎవరూ వేయరు.

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 11, 12 ఆయతులలో వాటాలు నిర్ణయమై ఉన్నాయి. 1937 నాటి షరీఅత్ చట్టం మేరకు ఇళ్ల వారసత్వంలో మన న్యాయస్థానాలు కూడా ఆ ధర్మశాస్త్రాన్నే పాటిస్తాయి. ముందుగా అంత్యక్రియల ఖర్చు, పిదప అప్పులు, ఆపై వసీయత్ తీరాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. దానిని ఆమె వాటాలో కలిపివేయరాదు. మిగిలినదే పంపకానికి వస్తుంది. తల్లిదండ్రులు ముందే గతించిన వ్యక్తి భార్యను, ఒక కుమారుని, ఇద్దరు కుమార్తెలను విడిచిపోతే, ఇంటిని 32 భాగాలుగా లెక్కించాలి: భార్యకు 4, కుమారునికి 14, కుమార్తెలకు చెరి 7. పెళ్లిలో కట్నం ఇచ్చామన్న సాకు ఈ లెక్కను మార్చజాలదు. కట్నాన్ని షరీఅత్ అడగనే లేదు.

ఆడబిడ్డ మనస్ఫూర్తిగా తన వాటా వదులుకోవచ్చును. తండ్రి జీవించి ఉండగా మాత్రం ఆ హక్కు పుట్టనే పుట్టదు గనుక, అప్పటి మాఫీకి అర్థం లేదు. ఆయన మరణానంతరం వదులుకొన్నా, ఇంటి విషయంలో రిజిస్టరైన హక్కు విడుదల పత్రం అవసరం. పురపాలక సంఘపు పన్ను రశీదులో పెద్దకొడుకు పేరు ఎక్కినంత మాత్రాన ఇల్లు అతనిది కాబోదు.

బ్రతికి ఉండగా ఇచ్చేది హిబా. ఇస్తున్నట్లు ప్రకటన, పుచ్చుకొనేవారి అంగీకారం, స్వాధీనం అనే మూడూ పూర్తయితే నోటిమాటతోనైనా హిబా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు ఒక ఆంధ్రప్రదేశ్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. అయితే చెల్లడం వేరు, రుజువు కావడం వేరు. సాక్షులు గతించాక మిగిలేది కాగితమే. చిన్న అప్పునైనా వ్రాసుకొమ్మని అల్‌బఖరా 282వ ఆయతు ఆదేశిస్తుండగా ఇంటిని నోటిమాటకు వదలడమేల? రిజిస్టరు చేయించుకొనడమే మేలని నా సలహా. ఒక్క కుమారునికే ఇచ్చిన కానుకకు సాక్షిగా ఉండుటకు దైవప్రవక్త (సఅసం) నిరాకరించిన సంగతి నూమాన్ బిన్ బషీర్ (రజి) హదీసు ద్వారా మనకు తెలిసినదే.

వసీయత్ మూడవ వంతుకు మించరాదు. మన హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, తక్కిన వారసులు ఆ మరణానంతరం సమ్మతిస్తే తప్ప, ఒక వారసునికి వసీయత్ చెల్లదు.

ఇక యతీముల మాట. వారసులలో 18 ఏళ్లు నిండని పిల్లలుంటే మిక్కిలి జాగ్రత్త అవసరం. తాతగాని, తండ్రి వసీయత్‌తో నియమించిన సంరక్షకుడుగాని లేనప్పుడు, తల్లి అయినా, అన్న అయినా, మేనమామ అయినా వారి వాటాను సొంతంగా అమ్మలేరు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా న్యాయస్థానాన్ని ఆశ్రయించి అనుమతి పొందాలి. అనుమతి లేని దస్తావేజు ఆ పిల్లల వాటాను కట్టిపడవేయదు. కొన్నవాడు పదేళ్లుగా ఆ ఇంట కాపురమున్నా సరే.