పోయిన ప్రాణము - మిగిలిన హక్కు

ఒకని చేయి విరిచినవాడు పరిహారమీయవలెను. ప్రాణమునే తీసినచో అతని కుటుంబమునకు ఈయనక్కరలేదు. ఇంగ్లండున 1808లో వెలువడిన ఒక తీర్పు ఫలితమిది. ఈ వైపరీత్యమును 1846లో అచటను, 1855లో మనదేశమునను శాసనములు తొలగించినవి.

మన ప్రాణాంతక ప్రమాదముల చట్టము నేటికిని అమలునందున్నది. పరుని తప్పిదమువలన ఒకరు మరణించినచో, వారి భార్య లేక భర్త, తల్లిదండ్రులు, బిడ్డల కొరకు రెండేండ్లలోగా దావా వేయవచ్చును. నేరవిచారణ వేరు, ఈ దావా వేరు. రహదారి ప్రమాదమైనచో మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు కలదు.

జీతమెరుగని ఇల్లాలు మరణించినచో నష్టమును లెక్కించుటెట్లు? 1989 నాటి జంషెడ్‌పూరు అగ్నిప్రమాదమున మృతులైన గృహిణులలో, 34 మొదలు 59 ఏండ్లవారి సేవకు నెలకు 3,000 రూపాయల విలువను 2001లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఇల్లాలు బ్రతికియుండగా ఆ సేవను లెక్కించిన ఇండ్లెన్ని?