చీనావారి కుడుములు

అనంతపురము జిల్లాలోని యాడికి మా యూరు. ఏడాది మొత్తముమీద 550 మిల్లీమీటర్ల వాన పడెనేని మాకది మంచి యేడే. చెనిక్కాయ పూతకు వచ్చు వేళకు ఆ వానయు మొగము చాటు చేయుట కలదు. ఇట్టి సీమలో మెట్టి, సంగటియు ఊరుబిండియు నెఱిగిన మేము చీనావారి కుడుములను గూర్చి వ్రాయబూనుట సోదరీమణులకు వింతగా దోచవచ్చును. కాని వానిని తిని వచ్చిననాటినుండియు మా వంటయింట నొక తగవు నడుచుచున్నది. దానికొఱకే ఈ వ్రాత.

ఇది వ్రాయుచున్నవారము తోడికోడండ్రము ఇరువురము. గడచిన మాఘమాసమున మాలో పెద్దదాని కుమార్తెను చూచుటకై అత్తగారితోగూడ బెంగుళూరునకు పోయియుంటిమి. ఆదివారము ఉదయమున ఆ పిల్ల మమ్ము చీనా ఫలాహారశాల కొకదానికి తీసికొనిపోయెను. పది బల్లలు పట్టు చిన్నచోటు. ఆడంబర మేమియు లేదు. వంటచేయు తావు అద్దపుగోడ వెనుక కనబడుచుండెను. వెదురుబుట్టలను ఒకదానిపై నొకటి నిలువెత్తున పేర్చి మరుగునీటిపై నుంచిరి. అడుగున లేచిన ఆవిరియే పైబుట్టలన్నిటిని ఉడికించును. ఒక్క మంటకు పది బుట్టలు! కట్టెలకును నీళ్లకును కటకటపడి సంసారమీదిన మా అత్తగారు కూర్చుండకమునుపే దానిని నిదానించి చూచి, మేలైన పొయ్యి యని తలయూపిరి.

దక్షిణచీనాలోని కాంటను ప్రాంతమున ప్రొద్దుట తేనీటి యంగళ్లకు పోయి, తేనీరు త్రాగుచు చిన్నచిన్న పిండివంటలను తినుట పాత వాడుక. ఈ తిండికి ‘డిమ్ సమ్’ అని పేరు. హృదయమును తాకునది యని ఆ మాటల కర్థము చెప్పుదురు. ముసలివారు మొదలు పసివారి వఱకు ఇంటిల్లిపాదియు ఒక బల్లచుట్టు చేరి గంటలకొలది కూర్చుందురు. మనదేశమున కలకత్తాలో 18వ శతాబ్దపు తుదినుండియు చీనావారు కాపురముండిరి. అచటి టిరెట్టా బజారున తెల్లవారుజామున వీధిలోనే వేడికుడుము లమ్ముట ప్రసిద్ధము. 1962 నాటి యుద్ధకాలమున మనదేశపు చీనావారిలో పెక్కండ్రను రాజస్థానమునందలి దేవలీ శిబిరమున నిర్బంధించిరి. తరువాత ఎందఱో ఈ దేశమే విడిచిపోయిరి. వారి వంట మాత్రము మనయొద్ద నిలిచినది.

మాకు మొదట వచ్చినది రొయ్యల కుడుము. ‘హార్ గౌ’ అందురు. పైపొర పలుచని అద్దమువలె నుండి, లోని రొయ్య గులాబిరంగున అగపడుచుండెను. బియ్యపుపిండి యనుకొంటిమి. కాదు. గోధుమపిండిని పిసికి నీట కడిగి బంకను వేరుచేయగా అడుగున దిగిన తెల్లని గంజిపొడి యది. బంక లేనందున చన్నీటితో కలిపినచో ముద్ద నిలువదు. అందుచే సలసల మరుగు నీరు పోసి, వేడి తగ్గకమునుపే మర్దించి, పలుచగా నొత్తి, ఏడింటికి తక్కువగాకుండ మడతలుపెట్టి మూయుదురు. వినాయకచవితినాడు మనము చేయు పనియు నిదియే గదా! బియ్యపుపిండిలోను బంక లేదు. కనుకనే ఎసటిలో పోసి ఉక్కించుచున్నాము. మన అవ్వలు కారణము చెప్పలేదు గాని కిటుకు నెఱుగుదురు.

7వ శతాబ్దమున ఇచటికి వచ్చిన హ్యూన్‌త్సాంగు, ఈ దేశమువారికి ఆవిరిపాత్ర లేదని వ్రాసినట్లు మన ఆహారచరిత్రను వ్రాసిన కె. టి. అచ్చయ్యగారు తెలిపియున్నారు. కుండమూతికి తడిగుడ్డ బిగించి, దానిపై పిండినుంచి మూతవేసిన ఆవిరి రాదా? ఆ గుడ్డకు వాసెన యని మనకు పేరే యున్నది. అయినను ఆ యాత్రికుని వంటయింటిలోనికి ఎవరు పిలిచియుందురు! మఱియొక చుట్టఱికము గలదు. మా మెట్టచేల పాతపంట యగు కొఱ్ఱను వేలయేండ్ల క్రిందట మొదట సాగుచేసినవారు ఉత్తరచీనావారే యని పరిశోధకులు చెప్పుచున్నారు.

మాంసము ముట్టని సోదరీమణులకు ఒక హెచ్చరిక. లోపలి కూర శాకమే యైనను, పైపిండిలో పందికొవ్వు కలుపుట పాత పద్ధతి. మొగమాటము లేక ముందుగా అడుగవలెను. మా అత్తగారు శాకాహారులు గనుక మా పిల్ల వంటవానినే పిలిచి అడిగి, నూనెతో కలిపినదని తెలిసికొన్న పిమ్మట పుట్టగొడుగులును కారెట్టును కూరిన కుడుములను చెప్పెను.

ఆ బల్లవద్ద మర్యాద యొకటి చూచితిమి. తేనీరు ముందుగా పక్కవారి గిన్నెలో పోసి, తన గిన్నెలో కడపట పోసికొనవలెను. పోయించుకొన్నవారు రెండువ్రేళ్లతో బల్లను మెల్లగా తట్టిన, అదియే కృతజ్ఞత. తేనీటికి ఈ వరుస గాని కుడుములకు లేదు. బుట్ట రాగానే అందఱును ఒక్కమారే తినవలసినది. చల్లారినచో పైపొర గట్టిపడి సాగును.

తగవు ఇక్కడనే మొదలైనది. అత్తగారి బుట్ట వచ్చినది. ఆమె మూత తీయలేదు. “మీరు తినండమ్మా, నేను తర్వాత తింటాలే” అనిరి. మేము తినుచుంటిమి, ఆమె మా గిన్నెలనే చూచుచుండిరి. మా వంతులు ముగిసిన పిదప మూత తీయగా కుడుములు బుట్టకు అతుకుకొని బిరుసెక్కియుండెను. ఆమె వానినే తినబోగా, వడ్డించు మిజోరాం పిల్ల పరుగున వచ్చి, ఆ బుట్టను తీసి పొగలు క్రక్కు వేఱొకటి యుంచి, వచ్చీరాని కన్నడమున తినుమని సైగచేసి, తినువఱకు కదలక నిలిచెను. అత్తగారు ఒకటి కొఱికి, నోరు కాలి, నవ్విరి.

ఇంటికి వచ్చి మేమంటిమి గదా, “అత్తయ్యా, ఇకమీద మనయింట అందఱము ఒక్కమారే కూర్చుందము” అని. ఆమె ఒప్పుకొనలేదు. ఆమె చెప్పిన మాట మమ్ము నోరెత్తనీయలేదు. కఱవుకాలమున కుండలో నెంతయున్నదో కడపట తినునదానికే తెలియుననియు, పిల్లలును చేనికి పోవు మగవారును కడుపునిండ తినిన పిమ్మట అడుగున మిగిలినదే తన వంతనియు, లేనినాడు నీళ్లు త్రాగి తింటినని చెప్పుటకు ఆ వరుసయే అనుకూలమనియు ఆమె యనిరి. కడపట తినుట మర్యాద యని మేము తలచియుంటిమి. కొఱతను దాచు కావలి యని ఆనాటివఱకు మే మెఱుగము.

కాని యిప్పుడు మా కుండలో కొఱత లేదు. వరుస మాత్రము మిగిలినది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదని తేలినది. దీనికి హేతువులు పెక్కులు. కడపట తినుటయే కారణమని మేమనము. అయినను అడుగుకూర, చల్లారిన అన్నము ఎవరి విస్తరిలో పడుచున్నవో చదువరులు తమ యిండ్ల చూచుకొనవచ్చును. తోడికోడండ్రమిద్దఱిలో నొకరము మగవారికి ముందు వడ్డించుట తప్పు కాదనియు, రెండవవారము తప్పే యనియు నేటికిని వాదించుకొనుచునే యున్నాము.

చవితి వచ్చినది. వేయించిన చెనిగింజల పొడియు బెల్లమును కూరి కుడుములు చేసితిమి. మొదటి వాయి దేవునికి. రెండవ వాయి దింపునప్పటికి మగవారింకను పూజవద్దనే యుండిరి. పెద్దకోడలు పొయ్యియొద్ద పీటవేసి అత్తగారిని చేయిపట్టి కూర్చుండబెట్టెను. చిన్నకోడలు కుడుమును ఆకులో పెట్టెను. ఆమె గడపవైపు ఒకమారు చూచి, ఊదుకొని కొఱికిరి. ఇన్నేండ్లుగా మేము చేయు కుడుములలో ఆమె ఒక్క తప్పైనను ఎంచి యెఱుగరు. ఆనాడు మాత్రము యాలకులు ఎక్కువైనవనియు, పైపొర ఇంకను పలుచన కావలెననియు మందలించి, మఱియొకటి పెట్టుమని ఆకు ముందునకు జరిపిరి.