పాకిన రొమ్ము క్యాన్సర్‌కు మళ్లీ ముక్క పరీక్ష ఎందుకు?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, నాలుగైదేళ్లు బాగానే తిరిగిన మనిషికి ఎముకలోనో కాలేయంలోనో మళ్లీ మచ్చ కనిపిస్తుంది. అక్కడినుంచి ముక్క తీయాలంటారు డాక్టరు. "ఏ క్యాన్సరో అప్పుడే తేలింది కదా, సూది పెడితే ఇంకా పాకుతుందేమో" అని మన ఇళ్లలో వెనకాడతాం. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో అక్కడి భాష, రిపోర్టులో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య అసలు సంగతి అడగడమే మానేస్తాం.

కాలేయంలో చేరినా అది రొమ్ము క్యాన్సరే. అయితే మొదట్లో ఉన్నట్టే ఉండకపోవచ్చు. కణం రెండుగా చీలేటప్పుడు జన్యువుల్లో మార్పులు దొర్లుతుంటాయి. పత్తి చేలో ఒకే మందు పదేపదే కొడితే దానికి లొంగని పురుగే మిగిలి పిల్లల్ని పెడుతుంది చూడండి, ఇదీ అంతే. క్యాన్సర్ ఇలా మారుతూ పోతుందని పీటర్ నోవెల్ 1976లోనే రాశారు.

ఉదాహరణకు లెట్రోజోల్ మాత్ర ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను తగ్గించి, దానిమీద బతికే కణాలను మాడుస్తుంది. కొన్ని కణాల్లో ఈఎస్ఆర్1 అనే జన్యువు మారి, ఈస్ట్రోజెన్ లేకుండానే పెరగడం మొదలవుతుంది. మొదటి గడ్డలో ఈ మార్పు అరుదు. ఇలాంటి మాత్రలు వాడాక ఎక్కువగా బయటపడుతుంది. దీనికోసమే ఎలాసెస్ట్రాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. హెర్2 ఫలితం కూడా కొందరిలో మారుతుంది. పాత రిపోర్టు పట్టుకుని మందు రాస్తే గురి తప్పవచ్చు.

మన ఒంటి కాపలా సంగతీ ఉంది. టీ కణాలు తేడా కణాన్ని దాని పైపొర మీది గుర్తులను బట్టి పట్టుకుంటాయి. ఆ గుర్తులు చూపించని కణాలు తప్పించుకుని పెరుగుతాయి. మరికొన్ని పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో కాపలాకే బ్రేకు వేస్తాయి. పాకినచోట ఈ కాపలా కణాలు మొదటి గడ్డలోకన్నా సాధారణంగా తక్కువ. ఆ బ్రేకు తీసే పెంబ్రోలిజుమాబ్‌ను, పీడీ-ఎల్1 ఎక్కువగా ఉన్న ట్రిపుల్ నెగటివ్ రకానికి కీమోతో కలిపి ఇస్తారు. ఖరీదైనది, అందరికీ పనిచేయదు. కాబట్టి పరీక్ష చేయకుండా అడగవలసిన మందు కాదు.

ఇక సూది భయం. క్యాన్సర్ అక్కడికి ముందే రక్తంలోనో లింఫు నాళాల్లోనో వచ్చి చేరింది, సూది తెచ్చింది కాదు. ముక్క తీయడం కష్టమైన చోటైతే రక్తంలో తిరిగే క్యాన్సర్ డీఎన్ఏను పరీక్షించే వీలుందా అని అడగండి. పెద్దాసుపత్రికి వెళ్లేముందు, మొదట ఆపరేషన్ చేసిన చోట దాచిన మైనపు దిమ్మను, స్లైడ్లను అడిగి తీసుకెళ్లండి.