ఎగువన అప్‌గ్రేడ్, దిగువన క్రాష్

సీలేరు నీళ్లు ఒక్కచోట పని చేసి ఊరుకోవు. జోలాపుట్టు జలాశయం నుంచి వచ్చి, 1955లో మొదలైన మాచ్‌ఖండ్ కేంద్రంలో టర్బైన్లు తిప్పుతాయి. ఆ నీళ్లే బలిమెల చేరతాయి. అక్కడ ఒడిశా, ఆంధ్ర చెరిసగం. మన వాటా నీరు గుంటవాడ దగ్గర ఆగి, ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, పొల్లూరులోని దిగువ సీలేరులో 460 మెగావాట్ల సామర్థ్యమున్న యంత్రాలను నడిపి, చివరికి శబరిలో కలుస్తుంది. ఈ వరసలో కింది కేంద్రానికి నీళ్లు తగ్గితే అక్కడి టర్బైన్ విప్పి కూర్చోవడం తెలివైన పని కాదు. పైన గేట్ల దగ్గర ఏం మారిందో ముందు కనుక్కోవాలి.

కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి ఈ మాత్రం ఇంగితం మనకు తట్టదు. రాత్రి హోస్ట్ కంప్యూటర్‌ను అప్‌గ్రేడ్ చేస్తాం. పొద్దున్నే దానిమీద నడిచే వర్చువల్ మెషీన్, అంటే గెస్ట్, కూలిపోతుంది. లోపలున్న విండోస్‌నో లినక్స్‌నో తిట్టుకుంటూ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధమవుతాం. నిజానికి రాత్రి నుంచి ఆ గెస్ట్‌ను ఎవరూ ముట్టుకోలేదు. మారినదంతా ఎగువనే.

ఒక యంత్రంలో ఇంకో యంత్రాన్ని నడపడం ఈనాటి ముచ్చట కాదు. కంప్యూటర్ ఒక గదంతా ఆక్రమించే రోజుల్లో మనిషికొకటి ఇవ్వడం ఎవరి తరమూ కాదు. ఐబీఎం వారి కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో బృందం సీపీ-40 అనే వ్యవస్థ తయారుచేసింది. 1967లో వాడుకలోకి వచ్చిన ఆ వ్యవస్థ ఒకే కంప్యూటర్‌ను పద్నాలుగు దాకా వర్చువల్ మెషీన్లుగా చూపించగలిగేది. వాడేవారికి మాత్రం యంత్రమంతా తమ ఒక్కరిదే అనిపించేది. 1972లో ఐబీఎం దాని వారసుణ్ని వీఎం/370 పేరుతో మార్కెట్‌కు తెచ్చింది. ఈ మాయ దెబ్బతినకుండా నడవాలంటే ప్రాసెసర్ ఎలా ఉండాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ తేల్చి చెప్పారు: గెస్ట్ ఇచ్చే ఆదేశాల్లో అసలు యంత్రం స్థితిని తాకేది ఏదైనా సరే, గెస్ట్‌లను నడిపే హైపర్‌వైజర్ చేతికి చిక్కాలి.

మన ఇళ్లలోకి వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లు ఆ పరీక్షలో తప్పాయి. పెంటియం మీద 2000లో జరిగిన పరిశీలనలో, అలా చిక్కకుండా జారిపోయే ఆదేశాలు పదిహేడు తేలాయి. వీఎంవేర్ 1999లోనే దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. అలాంటి ఆదేశాలను నడుస్తుండగానే మార్చి రాసేసేది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ అలాంటి ఆదేశాలను పట్టుకునే సౌకర్యాన్ని ప్రాసెసర్‌లోనే పెట్టాక ఆ తంటా తగ్గింది. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. ఈ సౌకర్యం వల్ల గెస్ట్ ఆదేశాలు చాలావరకు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. వేగం అందువల్లే వచ్చింది. హోస్ట్‌లో మార్పు వస్తే గెస్ట్‌కు తగిలే దెబ్బ కూడా అందువల్లే.

2024 నవంబర్‌లో వచ్చిన లినక్స్ 6.12నే తీసుకోండి. అంతకుముందు కేవీఎం మాడ్యూల్ లోడ్ అయినా, ఎవరో వర్చువల్ మెషీన్ మొదలుపెట్టేదాకా ప్రాసెసర్ సౌకర్యం జోలికి వెళ్లేది కాదు. 6.12 నుంచి లోడ్ కాగానే దాన్ని తన చేతిలోకి తీసుకుంటోంది. వర్చువల్ మెషీన్లు నడిపే మరో ప్రోగ్రామ్ వర్చువల్‌బాక్స్‌కూ కావలసింది అదే. అప్పట్లో ఇద్దరికీ పొసగలేదు. కెర్నల్ మార్చుకున్న చాలామందికి వర్చువల్‌బాక్స్‌లోని గెస్ట్‌లు అసలు మొదలవడమే మానేశాయి. గెస్ట్‌ను ఎన్నిసార్లు తిరిగి కట్టుకున్నా లాభం లేకపోయింది. కేవీఎం మాడ్యూల్‌ను దింపేస్తే, లేదా పాత పద్ధతికి మళ్లించే బూట్ ఆప్షన్ ఇస్తే నిమిషంలో లేచి కూర్చునేవి. విండోస్‌లోనూ ఇలాంటి తగాదా ఉంది. మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు ఆన్ అయితే అడుగున విండోస్ సొంత హైపర్‌వైజర్ హైపర్-వీ వచ్చి చేరుతుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్ కిటికీ కింది అంచున ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. గెస్ట్ నత్తనడక నడుస్తోందని మొరపెట్టుకునేవారిలో చాలామంది ఆ తాబేలు వైపు చూడనే చూడరు.

ఇంతకంటే లోతైన చిక్కు ఇంకోటుంది. ఇంటెల్ తన హాస్వెల్ ప్రాసెసర్లలో టీఎస్‌ఎక్స్ అనే ప్రత్యేక ఆదేశాల సదుపాయం పెట్టింది. అందులో తప్పు దొరికి 2014లో మైక్రోకోడ్ అప్‌డేట్‌తో దాన్ని ఆపేసింది. 2019 నవంబర్‌లో భద్రతాలోపం బయటపడినప్పుడు మరికొన్ని ప్రాసెసర్లలోనూ అది మూతపడింది. హోస్ట్ రీబూట్ అయ్యాక ప్రాసెసర్ అదే, కొన్ని ఆదేశాలు మాత్రం మాయం. గెస్ట్ సెట్టింగుల్లో టీఎస్‌ఎక్స్ ఉన్న ప్రాసెసర్ కావాలని రాసి ఉంటే అది మొదలవదు. మధ్యలో సేవ్ చేసి ఆపిన గెస్ట్ పరిస్థితి ఇంకా అన్యాయం. దాని జ్ఞాపకంలో పాత ప్రాసెసరే ఉంటుంది. లేని ఆదేశాన్ని వాడబోతే కూలుతుంది. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్ రచయితలు టీఎస్‌ఎక్స్ లేని ప్రాసెసర్ నమూనాలను ప్రత్యేకంగా చేర్చాల్సి వచ్చింది.

ఇవి కాక మామూలు తప్పులూ ఉంటాయి. కొత్త కెర్నల్‌కు వర్చువల్‌బాక్స్ డ్రైవర్ మళ్లీ తయారుకాకపోవడం, సంతకం లేదని సెక్యూర్ బూట్ దాన్ని అడ్డుకోవడం, గెస్ట్ లోపల వేసే గెస్ట్ అడిషన్స్ పాతవి ఉండిపోవడం, 3డీ గ్రాఫిక్స్ మొండికేయడం. దోషి ఎవరో తేల్చడానికి నాకు నచ్చిన పరీక్ష ఒక్కటే. హోస్ట్ బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని అదే గెస్ట్‌ను నడపండి. నడిచిందా, గెస్ట్ నిర్దోషి. ఇక వెతకాల్సింది హోస్ట్ లాగ్‌లలో.

ప్రతిసారీ తప్పు ఎగువనే ఉండదు. 2024 జులై 19న హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక అప్‌డేట్ ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి. ప్రోగ్రామ్‌కు అందుతున్న విలువలు ఇరవై. కొత్త ఫైలు ఇరవై ఒకటోదాన్ని చదవమంది. అజూర్ క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్లూ కూలాయి. వాటి అడుగున హోస్ట్‌లు బాగానే ఉన్నాయి, చెడింది గెస్ట్‌లోనే. అయితే వర్చువల్ కావడం అక్కడ కలిసొచ్చింది. కూలిన మెషీన్ డిస్కును ఊడదీసి, బాగున్న ఇంకో మెషీన్‌కు తగిలించి, ఆ ఫైలు తీసేసి, తిరిగి పెట్టే వీలుంది. అసలు కంప్యూటర్లకైతే చాలాచోట్ల మనిషే వెళ్లి ముందు కూర్చోవాల్సి వచ్చింది.

సీలేరు ఊళ్లోనో గూడెం కొత్తవీధిలోనో పాత ల్యాప్‌టాప్ మీద వర్చువల్ మెషీన్‌లో లినక్స్ నేర్చుకునే కుర్రాళ్లకు ఒక మాట. అప్‌గ్రేడ్ నొక్కే ముందు గెస్ట్‌ను సేవ్ చేసి వదలకండి, పూర్తిగా షట్‌డౌన్ చేయండి. డిస్క్ ఫైలును ల్యాప్‌టాప్ బయట ఇంకోచోట కాపీ పెట్టుకోండి. స్నాప్‌షాట్ మామూలుగా అదే డిస్కులో ఉంటుంది, అది బ్యాకప్ కిందికి రాదు. కొత్త కెర్నల్‌కు సరిపడే వర్చువల్‌బాక్స్, గెస్ట్ అడిషన్స్ సిగ్నల్ బాగున్నప్పుడే ముందుగా దించుకోండి. కొత్త కెర్నల్ మీద గెస్ట్ నాలుగు రోజులు సాఫీగా నడిచేదాకా పాత కెర్నల్‌ను తీసేయకండి.